మీ వీధికి ఒక నోట్‌బుక్ పెట్టండి

నాలుగేళ్ల కిందట మా వీధివాళ్లం పది పన్నెండు మందిమి కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు నేనొక మాట గట్టిగా అన్నాను. "రోడ్డు వెడల్పు చేసినప్పుడే కదా మన చెట్లన్నీ పోయాయి!" అందరూ తలలూపారు. ఇంటికొచ్చి పాత నోట్‌బుక్కులు తీసి చూశాను. నేను లెక్క మొదలుపెట్టిన ఏడాది మా వీధిలో 31 చెట్లు. ఆ సమావేశం నాటికి 18. పోయిన పదమూడింటిలో రోడ్డు పనికి కొట్టేసినవి నాలుగే. మిగతా తొమ్మిదీ అంతకు ముందే, ఏడాదికి ఒకటో రెండో చొప్పున ఎండిపోయాయి. కారణం నా చేతిరాతలోనే ఉంది: "మొదలు చుట్టూ సిమెంటు పోశారు, నీళ్లు దిగే చోటు లేదు." ఆ సిమెంటు పోసింది బయటివాళ్లెవరో కాదు. బురద అవుతోందని ఎవరి గేటు ముందు వాళ్లం మేమే పోసుకున్నాం. నా గేటు ముందు చెట్టు కూడా ఆ తొమ్మిదిలో ఉంది.

పెద్ద చప్పుడు చేసిన సంఘటన గుర్తుంటుంది. మెల్లగా జరిగినవన్నీ దాని ఖాతాలో పడిపోతాయి. అందుకే వీధి గురించి నా జ్ఞాపకం ఏం చెప్పినా ఇప్పుడు ముందు నోట్‌బుక్కు చూస్తాను. నేను 27 ఏళ్లు లేఅవుట్ ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం చేసినదాన్ని. కాగితం మీద వీధి గీత కదలదు. నిజం వీధి ఎలా కదులుతుందో చూడాలనిపించి పదకొండేళ్లుగా ఒకే వీధిని ఒకే పద్ధతిలో రాస్తున్నాను. మీరు కూడా చేయాలనుకుంటే ఎలాగో, నేను ఎక్కడెక్కడ తప్పటడుగులు వేశానో చెబుతాను. గీతల్లేని నోట్‌బుక్, పెన్సిల్, కొలిచే టేపు, ఫోన్ ఉంటే చాలు. ఏడాదికి నాలుగు రోజుల పని.

ఎంత మేర, ఎప్పుడెప్పుడు

మొదట నేను పేట మొత్తం నెత్తికెత్తుకున్నాను. పదహారు వీధులు. మూడో వీధికే ఓపిక అయిపోయింది. ఒక్క వీధి చాలు. మామూలు నడకలో మనిషి నిమిషానికి దాదాపు 80 మీటర్లు వెళ్తాడు, అంటే అయిదు నిమిషాలకి 400 మీటర్లు. అంతకు మించి తీసుకోకండి. మాది 380 మీటర్లు, నా అడుగుల్లో 540. మీరుండే వీధే అయితే మేలు. బద్ధకంగా ఉన్న రోజు కూడా గడప దాటితే చాలు.

ఎండాకాలంలో ఒక పనిరోజు, ఒక సెలవురోజు. చలికాలంలోనూ అలాగే. ఆ నాలుగు రోజుల్లో ఉదయం 8, మధ్యాహ్నం 1, సాయంత్రం 6 గంటలకి పదేసి నిమిషాలు నిలబడి లెక్కపెట్టాలి. పది నిమిషాల లెక్కని ఆరుతో హెచ్చిస్తే గంట లెక్క ఉజ్జాయింపుగా వస్తుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. కోపెన్‌హేగెన్‌లో స్ట్రోయెట్ అనే ప్రధాన వీధిని 1962లో కార్లకి మూసి నడిచేవాళ్లకి ఇచ్చారు. యాన్ గేల్ అనే ఆర్కిటెక్టు ఆ వీధుల్లో నిలబడి మనుషుల్ని లెక్కపెట్టాడు. అక్కడి నగర కేంద్రం మొత్తాన్నీ 1968లో ఒకసారి, 1986లో మరోసారి, 1995లో ఇంకోసారి ఇలాగే లెక్కించారు. కార్లు లేని చోటు పెరిగే కొద్దీ ఆగి కూర్చునేవాళ్లూ పెరిగారని తేలింది. మళ్లీ వెళ్లి అదే చోట లెక్కపెట్టడం వల్లే అది తేలింది. ఒక్కసారి లెక్కపెట్టి ఆపేస్తే మీ చేతిలో ఉండేది ఆ రోజు కబురు మాత్రమే.

వాన కురిసిన రోజు, ఊరేగింపు ఉన్న రోజు, తవ్వకం జరుగుతున్న రోజు వద్దు. మరుసటి వారానికి వాయిదా వేయండి. ఎందుకు వేశారో మాత్రం రాయండి. రెండో ఏడాది నేనది రాయలేదు. ఆ ఏడాది సాయంత్రం లెక్క ఎందుకంత తక్కువ ఉందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ముందు పటం గీయండి

రెండు పేజీలు విప్పి పరిచి, వీధిని పొడవుగా గీయండి. స్కేలు కోసం ప్రాణం తీసుకోకండి, స్కేలుతోనే బతికిన నేనే చెబుతున్నాను. స్థలాల హద్దులు, తలుపులు, గేట్లు, చెట్లు, దీపాలు, కూర్చోదగ్గ గోడలు, దాటే చోట్లు ఉంటే చాలు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. వీధిలో అన్నీ ఒకే వేగంతో మారవు. వీధి గీత అన్నిటికన్నా మొండిది. లండన్ 1666లో తగలబడిపోయాక, కొన్నాళ్లలోనే క్రిస్టఫర్ రెన్ అనే ఆర్కిటెక్టు తిన్నటి రాజమార్గాలతో సరికొత్త ప్లాను తెచ్చాడు. ఊరు మాత్రం చాలా వరకు పాత వీధి గీతల మీదే లేచింది. ఎందుకంటే ఇల్లు కాలిపోయినా స్థలం ఎవరిదో వాళ్లదే. వీధి తర్వాత నెమ్మదిగా మారేవి స్థలాల హద్దులు. ఆ తర్వాత కట్టడాలు. అన్నిటికన్నా త్వరగా మారేది కట్టడం లోపల జరిగే పని. ఎం. ఆర్. జి. కాన్జెన్ అనే భూగోళ శాస్త్రవేత్త 1960లో ఇంగ్లండులోని ఒక పాత పట్టణాన్ని ఇలాగే పొరలు పొరలుగా విడదీసి చూపించాడు.

అందుకని వీధి గీత, హద్దులు పెన్నుతో గీయండి. కట్టడాలు పెన్సిల్‌తో. ఏ కట్టడంలో ఏం జరుగుతోందో పటం మీద రాయనే రాయకండి, దానికి వేరే కాగితం పెట్టి ఏటా మార్చండి. పెన్నుతో గీసిన గీత చెరపాల్సి వచ్చిందంటే ఆ ఏడాది పెద్ద సంగతే జరిగిందన్నమాట. దుకాణం పోయి ఇంకో దుకాణం వస్తే అందరూ నిట్టూరుస్తారు. అది రేపు మళ్లీ మారుతుంది. పక్కపక్క స్థలాలు కలిసి ఒకటైతే ఎవరికీ పట్టదు. కలిసిన స్థలం మళ్లీ విడిపోవడం మాత్రం నా ఉద్యోగంలో నేను చూడలేదు.

మా వీధి ఉత్తరపు కొసన అయిదు స్థలాలు ఒకటయ్యాయి. ఇంతకు ముందు అయిదు గేట్లు ఉండేవి, ఇప్పుడు ఒకే గేటు, మిగతా 60 మీటర్లూ గోడ. కట్టడం అందంగానే ఉంది, కాదనను. వంద మీటర్లకి ఎన్ని తలుపులు వీధిలోకి తెరుచుకుంటాయో రాసుకోండి. గేల్ లెక్కలో వందకి పదిహేను, ఇరవై ఉన్న వీధి నడవడానికి ఆసక్తిగా ఉంటుంది. మాది 17 నుంచి 11కి దిగింది. ఆ గోడ వెంట వెళ్లేవాళ్లు అడుగు వేగం పెంచుతారు. ఒకరోజు స్టాప్‌వాచ్ పెట్టి మరీ చూశాను, నా నడక కూడా అక్కడ పెరుగుతోంది.

నడిచేవాళ్లని కాదు, ఆగినవాళ్లని చూడండి

ఒక్క లెక్కే చేయగలను అనేవాళ్లు ఇది చేయండి. పనికి వెళ్లేవాళ్లు వీధి ఎలా ఉన్నా నడుస్తారు, తప్పదు కాబట్టి. పని లేకుండా ఆగేవాళ్లు, కూర్చునేవాళ్లు, కబుర్లు చెప్పుకునేవాళ్లు, ఆడుకునే పిల్లలు వీధి బాగుంటేనే కనిపిస్తారు. అందుకే నడిచేవాళ్ల సంఖ్య పెరిగి ఆగేవాళ్ల సంఖ్య తగ్గితే, చూడ్డానికి కళకళలాడుతున్నా ఆ వీధికి ఏదో అయిందని అర్థం.

పేజీకి నాలుగు నిలువు గళ్లు పెట్టుకోండి: నడుస్తూ, నిలబడి, కూర్చుని, ఆడుతూ. అడ్డంగా పిల్లలు, పెద్దలు, వృద్ధులు. ఆడవాళ్లకి చుక్క, మగవాళ్లకి గీత. చలికాలంలో ఆరింటికే చీకటి పడే చోటైతే, ఒంటరిగా నడిచే ఆడవాళ్లని విడిగా లెక్కపెట్టండి. వీధి దీపాల గురించి వంద ఫిర్యాదులు చెప్పలేనిది ఆ ఒక్క గడి చెబుతుంది.

మా బెంచీ సంగతి చెప్పాలి. బస్సు ఆగే చోట పాత బెంచీ ఒకటి ఉండేది. రాత్రిళ్లు ఎవరో కూర్చుంటున్నారని ఫిర్యాదు వెళ్లింది, పీకేశారు. అంతకు ముందు ఎండాకాలం సాయంత్రం లెక్కలో ఆగినవాళ్లు 22 మంది, అందులో వృద్ధులు ఎనిమిది. మరుసటి ఏడాది ఆగినవాళ్లు ఆరుగురు, వృద్ధులు సున్నా. ఆ ఏడాదంతా మా వీధిలో వినిపించిన మాట ఏమిటో తెలుసా? "ఈ రోజుల్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, అందరూ ఫోన్లలోనే." ఫోన్లు అంతకు ముందు ఏడాదీ ఉన్నాయి. బెంచీ లేదు, అంతే.

న్యూయార్క్‌లో విలియం వైట్ అనే ఆయన 1970ల్లో పెద్ద కట్టడాల ముందరి ఖాళీ స్థలాలకి కెమెరాలు గురిపెట్టి, కొన్ని చోట్ల జనం ఎందుకు నిండుతారు, కొన్ని ఎందుకు ఎండిపోతాయి అని చూశాడు. ఎండ, ఆకారం, వైశాల్యం అన్నీ లెక్కలు వేసి చివరికి చెప్పింది వింటే నవ్వొస్తుంది: కూర్చోవడానికి చోటున్న దగ్గర జనం కూర్చుంటారు. ఆ నవ్వొచ్చే సంగతి మీదే ఆ నగరం 1975లో నిబంధనలు మార్చి, అలాంటి చోట్ల కూర్చునే వసతి తప్పనిసరి చేసింది.

కాబట్టి ఏటా ఒకసారి కూర్చోదగ్గ అంచులన్నీ టేపుతో కొలవండి. బెంచీలే కానక్కర్లేదు, మోకాలి ఎత్తు గోడలు, మెట్లు కూడా. పైన మేకులో, వాలుగా సిమెంటో వేసినవి లెక్కలోంచి తీసేయండి. మా వీధిలో 64 మీటర్లు ఉండేది 23 అయింది. ఎవరూ నిర్ణయించి తీసేయలేదు. ఒక్కో గోడ కొత్తగా కట్టుకున్నప్పుడల్లా కాస్త ఎత్తు పెరిగింది.

అటు దాటలేనివాళ్లు

దీని మీద నాకు కొంచెం కోపం ఉంది, ఓర్చుకోండి. కోపం ఎక్కువగా నా మీదే.

మా వీధి దక్షిణపు కొసన పెద్ద రోడ్డు, 12 మీటర్ల వెడల్పు, సిగ్నల్ ఉంది. నడిచేవాళ్లు సెకనుకి 1.2 మీటర్లు వెళ్తారన్న లెక్కతో సిగ్నళ్లు పెట్టడం చాలా దేశాల్లో వాడుక. ఆ లెక్కన మాకు పది సెకన్లు. దానికి రెండు సెకన్లు కలిపి పన్నెండు ఇచ్చారు. లెక్క తప్పని ఎవరూ అనలేరు. మా అమ్మకి అప్పుడు 78. ఒకరోజు ట్రాఫిక్ లేని వేళ చేయి పట్టుకుని దాటించి టైము చూశాను. పదిహేడు సెకన్లు.

అప్పుడు వెలిగింది. అంతకు రెండేళ్ల ముందు నుంచే అమ్మ అటువైపు వెళ్లడం మానేసింది. "అవతల నాకేం పని ఉందిలే" అనేది. నేను నమ్మాను. నా లెక్కలో కూడా ఆమె ఎక్కడా లేదు. దాటేవాళ్లని లెక్కపెడుతున్నాను కానీ దాటడం మానేసినవాళ్లని ఎలా లెక్కపెడతాను? మీ వీధిలో దాటే ప్రతి చోటా వెడల్పు కొలవండి, పచ్చ దీపం ఎన్ని సెకన్లో చూడండి, మీకు తెలిసిన అందరికన్నా నెమ్మదైన మనిషితో దాటండి. ఆ మూడు అంకెలు పక్కపక్కన రాయండి.

వాహనాల లెక్క పది నిమిషాల చొప్పున పైపైన రాస్తే సరిపోతుంది. దానితో పాటు అడగాల్సిన ప్రశ్నే విలువైనది. డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే పట్టణ ప్రణాళికల ప్రొఫెసర్ 1960ల చివర్లో శాన్ ఫ్రాన్సిస్కోలో చూడ్డానికి ఒకేలా ఉన్న మూడు వీధుల్ని తీసుకున్నాడు. ఒకదాని మీద రోజుకి సుమారు 2,000 వాహనాలు, రెండోదాని మీద 8,000, మూడోదాని మీద 16,000. ఇంటింటికీ వెళ్లి వీధిలో మీకు స్నేహితులెందరు, ముఖ పరిచయం ఉన్నవాళ్లెందరు అని అడిగాడు. వాహనాలు తక్కువున్న వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు. ఎక్కువున్న వీధిలో ఒక్కరు కూడా నిండలేదు, 0.9. మీ ఇల్లు ఎంత మేర అనుకుంటారో గీయమంటే, మొదటి వీధివాళ్లు వీధి మొత్తం గీశారు. మూడో వీధివాళ్లు తమ కట్టడం దగ్గరే ఆపేశారు.

నేనూ పద్నాలుగు ఇళ్లలో అడిగాను. పేర్లు అక్కర్లేదు, అంకె చాలు. "మీ ఇల్లు ఎక్కడి వరకు?" అని అడిగి పటం ఇచ్చి పెన్సిల్ చేతికివ్వండి. కొందరు నవ్వుతారు, కొందరు గేటు దాకా గీసి ఇచ్చేస్తారు. అప్పుడు తొమ్మిదేళ్లున్న మా అమ్మాయి పెద్ద రోడ్డు అవతలి మైదానం కూడా కలిపి గీసింది. నిరుడు ఒక ఎనిమిదేళ్ల బాబుని అడిగితే తమ పార్కింగ్ స్థలం గీశాడు, చాలా శ్రద్ధగా, స్తంభాలకి అంకెలు కూడా వేసి.

నీడ, చప్పుడు

ఎండాకాలం మధ్యాహ్నం ఒంటిగంటకి వీధి ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తూ నీడలో పడిన అడుగులు ఎన్నో లెక్కపెట్టండి. నా 540 అడుగుల్లో మొదటి ఏడాది 310 నీడలో ఉండేవి. చెట్లు పోయాక 170. ఎండ మండే వేళ నీడలో ఉన్న నేలకీ గోడలకీ, ఎండలో ఉన్నవాటికీ 11 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ దాకా తేడా ఉండొచ్చు. అరికాలికి తెలిసే సంగతే.

చప్పుడుకి ఫోన్‌లో యాప్ చాలు. అంకె కచ్చితంగా ఉండదు కానీ, అదే ఫోను, అదే చోటు, అదే వేళ అయితే పోల్చుకోవడానికి పనికొస్తుంది. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు గోలగా అనిపిస్తుంది. ఆరో ఏడాది నేను ఫోను మార్చాను. ఆ ఏడాది మా వీధి ఒక్కసారిగా ఆరు డెసిబెల్స్ పెరిగింది! కొత్త ఫోను కొన్న రోజు పాత ఫోనుతో కలిపి రెండింటితోనూ ఒకేసారి కొలిచి తేడా రాసుకోండి. నేను చేయలేదు, ఆ వరుస అక్కడితో పాడైంది.

ఫొటోలు ఆరు చాలు, ఏటా అవే ఆరు చోట్ల నుంచి. నిలబడే చోటు పటంలో గుర్తు పెట్టుకోండి. మనుషుల ముఖాలు పడకుండా తెల్లవారగానే తీయండి. మీరు మొదలుపెట్టక ముందు కాలం కావాలంటే, కారు తిప్పి తీసిన వీధి ఫొటోలు చూపించే గూగుల్ స్ట్రీట్ వ్యూ 2007లో మొదలైంది, 2014 నుంచి పాత చిత్రాలు కూడా చూపిస్తోంది. మీ వీధికి ఆ కారు ఎన్నిసార్లు వచ్చి ఉంటే అన్ని ఏళ్లు దొరుకుతాయి. అంతకన్నా వెనక్కి వెళ్లాలంటే ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి. వాటిలో మీ చెట్టు కనిపించదు, ఊరి అంచు ఎక్కడి దాకా వచ్చిందో మాత్రం కనిపిస్తుంది.

ఎవరు వెళ్లిపోతున్నారు

వీధి మారడం ముందు చిన్న వాటిలో కనిపిస్తుంది. నా నోట్‌బుక్కుల్లో వరుస ఇలా ఉంది. మొదట ఇళ్ల ముందు విరగ్గొట్టిన పాత టైల్స్ కుప్పలు. తర్వాత "అద్దెకు ఇవ్వబడును" బోర్డులు వేలాడే రోజులు తగ్గడం, ముందు నెలలు ఉండేవి, తర్వాత వారం. తర్వాత మరమ్మతు పనులు చేసేవాళ్లు ఒక్కొక్కరే లేచిపోవడం. కుట్టేవాళ్లు, అతికేవాళ్లు, విప్పి బిగించేవాళ్లకి తక్కువ అద్దె, ఎక్కువ సామాను పట్టే చోటు కావాలి. న్యూయార్క్‌లో జేన్ జేకబ్స్ అనే రచయిత్రి 1961లోనే ఈ సంగతి చెప్పింది: వీధి అంతా కొత్త కట్టడాలే అయితే, కొత్త అద్దె భరించగల పనులే అక్కడ మిగులుతాయి. అందుకే పటంలో కట్టడాల వయసు కూడా రాయండి. పాతవి ఎన్ని మిగిలాయన్నది చూసుకోండి, పాతదంతా గొప్పదని కాదు, చవకగా ఉంటుందని.

పనివాళ్లు నివసించే లండన్ పేటల్లోకి డబ్బున్నవాళ్లు వచ్చి, పాత ఇళ్లు కొని బాగుచేసుకుని, మెల్లగా పేట స్వభావమే మార్చేయడాన్ని రూత్ గ్లాస్ అనే ఆవిడ గమనించి 1964లో దానికి జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టింది. ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచి లాభం లేదు. మనం కోరుకునే మంచే దానికి దారి తీయవచ్చు. న్యూయార్క్‌లో వాడకం ఆగిపోయిన ఎత్తైన రైలు మార్గాన్ని తోటగా మార్చి హై లైన్ అని 2009లో తెరిచారు. చుట్టూ ఖరీదైన కట్టడాలు లేచాయి, అద్దెలు పెరిగాయి. చెట్లు పెట్టొద్దనా? కాదు. చెట్లు పెట్టిన ఏడాది అద్దెల పేజీ కూడా తెరవమని.

నేను మూడో ఏడాది దాకా చేసిన పెద్ద తప్పు ఇదే. ఉన్నవాళ్లనే అడిగేదాన్ని. "వీధి బాగుందా?" అంటే బాగుందనేవాళ్లు. ఏటా బాగుందనేవాళ్లు పెరిగారు. బాగాలేదన్నవాళ్లు అప్పటికే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు మరి! అప్పటి నుంచి వెళ్లిపోయినవాళ్లకని ఒక పేజీ పెట్టాను. పేర్లు రాయను. ఎన్నేళ్లు ఉన్నారు, సొంతమా అద్దా, ఎంత దూరం వెళ్లారు, ఏం కారణం చెప్పారు, అంతే. సామాను బండి ఎక్కుతుంటే వెళ్లి అడగడం ఇబ్బందిగానే ఉంటుంది. ఒక పెట్టె మోసిపెట్టండి, వాళ్లే చెబుతారు.

ఈ పేజీ ఒక్కసారిగా నిండే ఏళ్లు ఉంటాయి. థామస్ షెల్లింగ్ అనే ఆర్థికవేత్త 1971లో గడుల బల్ల లాంటి నమూనాతో చూపించాడు, ఒక్కొక్కరి కోరిక చిన్నదే, 'నా చుట్టూ నాలాంటివాళ్లు కొందరుంటే చాలు' అనే అయినా, ఒకరు కదిలితే పక్కవాడి లెక్క మారి వాడూ కదులుతాడు, చివరికి ఎవరూ కోరుకోనంతగా పేట విడిపోతుంది. మా వీధిలో అయిదేళ్లలో ఏడు కుటుంబాలు వెళ్తే, తర్వాతి ఒక్క ఏడాదిలోనే తొమ్మిది వెళ్లాయి. ఆ ఏడాది ప్రత్యేకంగా ఏమీ జరగలేదు.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. లండన్‌లో చార్లెస్ బూత్ అనే పరిశోధకుడు 1889లో వీధి వీధికీ రంగు వేసి పేదరికపు పటాలు తెచ్చాడు. పదేళ్ల తర్వాత తన మనుషుల్ని పోలీసుల వెంట మళ్లీ వీధులన్నీ తిప్పి సవరించాడు. మళ్లీ వెళ్లి చూడడంలో నాకు ఆయనే గురువు. కానీ అట్టడుగు పేదలున్న వీధులకి నల్ల రంగు వేసి, పక్కన దుర్మార్గులు, సగం నేరస్థులు అని రాశాడు. ఏం చూశాడో కాక ఏమనుకున్నాడో పటంలో ఎక్కింది. మీ నోట్‌బుక్కులో "పనీపాటా లేనివాళ్లు" అని రాయకండి. "ఏడుగురు, గోడ పక్కన, నిలబడి" అని రాయండి. నా మొదటి నోట్‌బుక్కులో అలాంటి మాటలు మూడు చోట్ల ఉన్నాయి. చెరపలేదు, పక్కన అడ్డగీత కొట్టి ఉంచాను.

ఇంత రాసి ఏం చేయాలి

ఏటా ఒక్క పేజీ తీయండి. ఆరు అంకెలకి మించొద్దు: చెట్లు, నీడ అడుగులు, కూర్చునే మీటర్లు, సాయంత్రం ఆగినవాళ్లు, వంద మీటర్లకి తలుపులు, వెళ్లిపోయిన కుటుంబాలు. పక్కన నిరుటి అంకెలు, మొదటి ఏడాది అంకెలు. ఎవరినైనా కలిసేటప్పుడు దాన్ని పట్టుకెళ్లండి, అడిగేది మాత్రం ఒక్కటే అడగండి. నేను ఒకసారి అన్నీ అడిగాను, అన్నీ పరిశీలిస్తామన్నారు.

చెట్ల సంగతికి ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. సమావేశంలో నేను అన్నది తప్పని మరుసటి వారం ఒప్పుకుని, ముందు నా గేటు దగ్గర సిమెంటు పగలగొట్టించాను. ఆ చెట్టు పోయింది కాబట్టి అది ఖాళీ గుంతే. తర్వాత మిగతావాళ్లు. పద్దెనిమిది చెట్ల చుట్టూ చదరపు మీటరు చొప్పున మట్టి తెరిచాం. ఈ నాలుగేళ్లలో ఒక్కటీ పోలేదు. కొత్తగా మూడు నాటితే ఒకటి బతికింది, అది నా గుంతలోది కాదు. బెంచీ తిరిగి రాలేదు. సిగ్నల్ దగ్గర మాత్రం కొలతలు, సెకన్లు రాసిన ఒక్క కాగితం ఇచ్చి ఏడు నెలలు తిరిగాక పన్నెండు సెకన్లని పద్దెనిమిది చేశారు. అమ్మ వయసు పెరిగినా పదిహేడు సెకన్లలోనే దాటుతోంది. ఒక సెకను మిగులుతుంది, అందులో వెనక్కి తిరిగి నన్ను చూస్తుంది.

మొదటి రోజు చెట్లతో మొదలుపెట్టండి. అవి కదలవు, లెక్క తప్పదు. పెన్సిళ్లు రెండు తీసుకెళ్లండి, ఒకటి కచ్చితంగా విరుగుతుంది. ఏం చేస్తున్నారని మొదటి ఏడాది అందరూ అడుగుతారు. రెండో ఏడాదికి వాళ్లే ఎదురొచ్చి, మీరు చూడని తలుపు ఒకటి చూపిస్తారు.